సగం నిండిన ట్యాంకరు

భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ, ఈసారి రిపోర్టు మీద తన పేరే ఉంటుందట అని చెప్పింది ఆమె. ఆయన బూట్ల లేసు కట్టుకుంటూ, "కంప్యూటర్లో లారీలాట ఆడుకునేదానికి పేరొకటా! కాలరు సరిగ్గా రుద్దు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయనెప్పుడూ నవ్వుతూనే అంటాడు, అదే కదా వచ్చిన తంటా. హాల్లోంచి అత్తగారు, "పేరుకేముందిలే అమ్మా, స్టవ్ మీద పాలు చూడు," అన్నారు. వెళ్ళి చూసింది.

ఆఫీసులో ఆమెను లెక్కలమ్మ అంటారు. పెద్ద లారీ వేగంగా మలుపు తిరిగితే ఒరుగుతుంది. పడిపోయేలోపు బ్రేకులు వాటంతటవే పట్టి దాన్ని నిలబెట్టాలి. పడతాయో లేదో ఒక లారీని ట్రాక్ మీద నిజంగా తిప్పి చూస్తారు. అదే లారీని కంప్యూటర్లోనూ తిప్పుతారు. రెండు కొలతలూ సరిపోతే, ఆ రకం లారీలన్నిటికీ ఇక కంప్యూటర్ పరీక్షే చాలు. సరిపోయాయో లేదో తేల్చడం ఆమె పని. పదకొండేళ్ళలో పదకొండు రిపోర్టులు రాసింది. అన్నిటి మీదా సంతకం పెద్దసారుదే. సొమ్మొకడిది, సోకొకడిది! ఒకటైతే కాన్పుకని చేరి, ఆసుపత్రి మంచం మీద కూర్చుని పూర్తిచేసింది. అందులో సాయపడినవాళ్ళ జాబితాలో కూడా ఆమె పేరు లేదు. ఆ రోజు పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. "పేరు కోసం ఎవరైనా ఏడుస్తారా, విడ్డూరం కాకపోతే!" అన్నాడు భర్త.

పన్నెండోది ట్యాంకర్లది. పెద్దసారు తనే ఆమె కుర్చీ దగ్గరకొచ్చి, "ఈసారి సంతకం నువ్వే పెట్టు తల్లీ. నీ కష్టం చూస్తూనే ఉన్నాను," అన్నాడు. ఆమె కళ్ళు చెమర్చాయి. పిచ్చిది, థాంక్స్ కూడా చెప్పింది.

ఇస్త్రీ చేసిన ఆ రోజే, ట్రాక్ మీద లారీ తిప్పే డ్రైవరు ఆమె బల్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ట్యాంకు తీసేసి, ఆ చోట సిమెంటు దిమ్మెలు కట్టి తిప్పించారు నాచేత. దిమ్మెలు కదలవు కదా! రోడ్డు మీద అందులో ఉండేది నూనె. సగం ఖాళీ అయిందంటే మలుపులో అంతా ఒకవైపుకి తోసుకొస్తుంది, బండి మన మాట వినదు. మా బావమరిది అలాగే పోయాడు. పెద్దసారుకి చెబితే నీకెందుకన్నారు."

ఆమె తన లెక్కలు తెరిచి చూసింది. నిజం లారీలోనూ దిమ్మెలే, పెద్దసారిచ్చిన కొలతలతో తను కంప్యూటర్లో చేసిన లారీలోనూ దిమ్మెల్లాంటి కదలని బరువే. సరిపోక ఏం చేస్తాయి! వెంటనే కంప్యూటర్లో ట్యాంకు పెట్టి, సగం నూనె నింపి తిప్పింది. బ్రేకులు పట్టాయి. అయినా బండి పడింది. తొమ్మిదిసార్లు తిప్పింది. తొమ్మిదిసార్లూ చప్పుడు లేకుండా తెర మీద పడిపోయింది.

పెద్దసారు చూసి, "ఇది ఎవరు చెయ్యమన్నారు? రూల్లో బరువు అని ఉంది, నూనె అని లేదు. పేరు నీదేగా, ఇంకేం కావాలి?" అన్నాడు.

అప్పుడర్థమైంది ఆమెకు. పదకొండు మంచి రిపోర్టులకు రాని పేరు, తప్పు మీదేసుకోవలసిన రోజున మాత్రం వెతుక్కుంటూ వచ్చింది. భర్తకు ఫోన్ చేసింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే? పెట్టేసి త్వరగా రా, అమ్మకి మందులు తేవాలి," అన్నాడు.

బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. ఎంత కోరుకుంది ఆ సంతకాన్ని! వచ్చీ వచ్చీ ఇలాగా రావడం? తను ఇన్నాళ్ళూ ఎదురుచూసింది దీనికోసమా? ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. "దిమ్మెల బరువుకు సరిపోయింది. సగం నిండిన ట్యాంకరుకు సరిపోలేదు. ఈ పరీక్షను నమ్మి ట్యాంకర్లను రోడ్డెక్కించరాదు," అని రాసింది. తొమ్మిది పరీక్షల కొలతలూ జతచేసింది. కింద సంతకం పెట్టి, అనుమతులిచ్చే ఆఫీసుకు తనే పంపేసింది. ఉద్యోగం పోవచ్చని ఆమెకు తెలుసు.

ఫోన్ మోగింది. భర్త.

"పెట్టావా సంతకం?"

"పెట్టాను."

"హమ్మయ్య! చూశావా, ఎంతసేపు పని!"

ఏం రాసి పెట్టావని ఆయన అడగలేదు. పెద్దసారూ అడగలేదు. పదకొండేళ్ళుగా ఆమె రాసింది ఎవరూ చదవలేదు మరి.

రేపు చదువుతారు.