రుచి చూడని జమీద్

కరక్ చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి కుదిరిందంటే ముందు పెళ్లికూతురు ఎవరని అడుగుతారు, ఆ తర్వాత జమీద్ ఎవరిదని అడుగుతారు. తర్ఫాది అంటే ఇక మారు ప్రశ్న ఉండదు. గొర్రె మజ్జిగను కాచి, గుడ్డలో వడగట్టి, ఉప్పేసి పిసికి, ముద్దలు చేసి ఎండబెట్టి జమీద్ చేయడం అక్కడి ఆడవాళ్లందరికీ వచ్చు. ఆ ముద్దలు కరిగించిన పులుసులో మాంసం ఉడుకుతుంటే ఊరంతా లొట్టలు వేయడం మాత్రం తర్ఫా చేతికే చెల్లింది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. తెలియనట్టు నటించే రకం కాదు.

అలాంటి మనిషి పదకొండేళ్లుగా ముద్ద మింగడానికి తంటాలు పడుతోంది. మాంసం ముక్క గుండెల మీద ఆగిపోయేది. నమిలి నమిలి పిప్పి చేస్తే తప్ప దిగేది కాదు. "మా అత్త ఒంటెలా నెమరేస్తుంది" అని కోడలు నౌఫా ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేది. మొన్న చలికాలం చివర్లో ముక్క అడ్డంపడి ఉమ్మి కూడా దిగక, అమ్మాన్ ఆసుపత్రిలో గొట్టం వేసి తీయించాల్సి వచ్చింది. డాక్టరమ్మ పనిలో పనిగా అన్నవాహిక లోపలి నుంచి చిన్న తునకలు తీసి పరీక్షకు పంపింది.

"ఇయోసినోఫిల్స్ అని ఒక రకం తెల్ల కణాలమ్మా. అన్నవాహికలో వాటికి పని లేదు. నీకు గుంపులు కట్టి కూర్చున్నాయి" అంది డాక్టరమ్మ, చీటీ వచ్చాక. "పడని తిండి ఏదో వాటిని పిలుస్తోంది. ముందు పాలు మానేసి చూద్దాం. పెరుగు, జున్ను, వెన్న, ఏదీ వద్దు."

"జమీద్?"

"అదీ పాలేగా."

"ఆవుపాలు కాదు తల్లీ, గొర్రెపాలు."

"నీ గొంతుకు ఆ తేడా తెలియదమ్మా."

"ఉప్పు చూడ్డానికి నాలుక మీద ఇంతే ఇంత…"

"ఇంత కూడా వద్దు."

రెండు నెలలయ్యాక మళ్లీ గొట్టం వేసి చూస్తే ఆ గుంపులు లేవు. మాంసం హాయిగా దిగుతోంది. దోషి పాలేనని తేలిపోయింది. అయితే ఆ రెండు నెలలూ వసంతం, జమీద్ చేసే కాలం. తర్ఫా ఒక్క ముద్దనూ నాలుకకు తగిలించకుండా ఏడాది సరుకంతా చేసింది. పిసికేటప్పుడు వేళ్లకు తెలిసే బిగువుతో, వాసనతో, ఎండలో పైకి తేలే తెల్లటి పొరతో ఉప్పు తేల్చుకుంది. నౌఫా రుచి చూస్తానంటే "నా చేతులు చచ్చాయా?" అని కసిరింది. రోగం సంగతి మాత్రం గడప దాటనివ్వలేదు. తన జమీద్ తానే తినని మనిషి దగ్గర ఎవరు కొంటారు? ముప్పై ఏళ్ల పేరు మూడు రోజుల్లో గంగలో కలుస్తుంది.

హజ్ చేసొచ్చిన ఊరి పెద్దావిడ హాజ్జా ఫిద్దా మనవడి పెళ్లికి ఆ జమీదే మొదటిసారి పొయ్యెక్కింది. ఆడవాళ్ల మధ్య పెద్ద పళ్లెం దించారు. పల్చటి రొట్టెల మీద అన్నం, అన్నం మీద మాంసం, అన్నిటి మీదా వేడి పులుసు. ఓ మూలన కూర్చుని తప్పించుకుందామనుకున్న తర్ఫాను ఎనభై ఏళ్ల ఫిద్దా లాక్కొచ్చి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. అందరి చేతులూ పళ్లెం వైపు సాగాయి. తర్ఫా చెయ్యి ఒళ్లోంచి కదల్లేదు.

"అయ్యో, చూశారా! తన జమీద్ తనే ముట్టడం లేదు!" అంది ఉమ్మ్ సత్తామ్. ఆవిడా జమీద్ అమ్ముకునేదే. "ఏం కలిపావే తల్లీ? చెప్పు, మేమూ ఆగుతాం."

"నోరు ముయ్యవే!" అని అరిచింది ఫిద్దా. అతిథి పళ్లెం ముందు కూర్చుని తిండి ముట్టలేదంటే, అడగాల్సింది ఏదో ఉన్నట్టే. ఆ నేల మీద దానికి ఒకటే అర్థం. అడిగింది ఇస్తామని ఇంటివాళ్లు మాటిచ్చేదాకా ఎవరూ తినరు. ముసలామెకు ఇంకో అర్థం తోచనే లేదు. "చేతులు తీయండే అందరూ! అడుగు బిడ్డా. గొర్రెలా, పొలమా, పిల్లా? ఏదడిగినా ఇచ్చేశాను పో!"

పాతికమంది చేతులు వెనక్కి తీసుకున్నారు. పులుసు మీద నెయ్యి పేరుకోవడం మొదలైంది. తర్ఫాకు మింగలేక కక్కలేక అయింది. ఏదో మేకపిల్లను అడిగేసి గుట్టు దాచుకోవచ్చు. కానీ అడిగింది దక్కాక తినాలి. తినకపోతే ఇంటివాళ్లకు అవమానం, తింటే గొంతు రోగం మళ్లీ మొదటికొస్తుంది. ఇన్నేళ్లు తలెత్తుకు బతికి ఇప్పుడు అన్నం ముందు దొంగలా కూర్చోవడమా? ఆవిడకు ఒళ్లు మండింది. లేచి నిలబడింది.

"హాజ్జా, నాకు పాలు పడవు. గొట్టం వేసి రెండుసార్లు చూసి డాక్టరమ్మ తేల్చింది. ఈ జమీద్ నేను నాకి కూడా చూడలేదు. వేళ్లతో చేశాను, ముక్కుతో చేశాను. నా కోరిక ఒక్కటే. అందరూ తినండి. తిని, ఉన్నదున్నట్టు నా మొహం మీద చెప్పండి. ఉప్పు ఇసుమంత తేడా ఉన్నా వచ్చే ఏడు నుంచి నేను పాలు కాచను."

అనేసి, ఫిద్దా చేతి వైపే చూస్తూ నిలబడింది. ఆ సరుకు అప్పటిదాకా ఎవరి నాలుకా ఎరగదు మరి.

ఫిద్దా ముద్ద చేసి నోట్లో వేసుకుంది. ఉన్న నాలుగు పళ్లతో తీరిగ్గా నమిలింది. "నేను పెళ్లి ఇంటిదాన్ని, నా మాటకు విలువేముంది? ఉమ్మ్ సత్తామ్, నువ్వు చెప్పు" అంది.

ఉమ్మ్ సత్తామ్ చిన్న ముద్ద తీసుకుంది. నమిలింది. ఇంకోటి, ఈసారి కాస్త పెద్దది. మూడోదానికి మాంసం కూడా చుట్టింది. పాతికమందీ ఆవిడ దవడల్నే చూస్తున్నారు.

"మాట్లాడవేం వదినా?" అంది తర్ఫా.

"నోట్లో ముద్ద పెట్టుకుని ఎలా మాట్లాడనే!" అంటూ ఉమ్మ్ సత్తామ్ నాలుగోదానికి చెయ్యి చాచింది.