బటన్ నొక్కే మనిషి

"నువ్వు ఖాళీగానే ఉన్నావుగా, కాస్త ఆ ఫోన్లో కెప్టెన్ని మార్చెయ్" అన్నాడు మా ఆయన. అప్పుడు నా చేతులు మోచేతుల దాకా గిన్నెల నురగలో ఉన్నాయి. పొయ్యి మీద పాలు. బాల్కనీలో ఆరెయ్యాల్సిన బట్టలు. హాల్లో లెక్కల పుస్తకం ముందేసుకుని "అమ్మా, ఇది రావట్లేదు" అంటున్న పన్నెండేళ్ళ కూతురు. ఆయన అద్దం ముందు నిలబడి గడ్డం సరిచేసుకుంటున్నాడు. ఆ పనికి రెండు చేతులూ కావాలట.

ఆ ఆట సంగతి చెప్పాలి. ఎక్కడో నిజంగా ఫుట్‌బాల్ ఆడేవాళ్ళలోంచి పదిహేను మందిని ఏరుకుని ఫోన్లో ఉత్తుత్తి జట్టు కట్టుకోవాలి. అందులో పదకొండు మంది ఆడతారు, నలుగురు బెంచీ మీద కూర్చుంటారు. వాళ్ళు మైదానంలో ఎలా ఆడితే మనకు అన్ని పాయింట్లు. కెప్టెన్‌గా పెట్టినవాడికి రెట్టింపు. శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపు మార్పులన్నీ చేసెయ్యాలి. ఆయన ఆఫీసు స్నేహితులు ఎనిమిది మంది, మా మరిది, ఆయన, మొత్తం పది మంది పంతం పట్టి ఆడుతున్నారు. పదిమందిలో ఆయనది తొమ్మిదో స్థానం. పదోవాడు పాస్‌వర్డ్ మర్చిపోయి నెల దాటింది.

చెయ్యి చీరకు తుడుచుకుని ఫోన్ తీశాను. ఆయన పెట్టమన్నది తను ఆరాధించే స్ట్రైకర్‌ని. ఆ పేరు పక్కన చిన్న ఎర్ర గుర్తు ఉంది, తొడ కండరం పట్టేసి ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాడని. నేను ఆసుపత్రిలో నర్సుల డ్యూటీ చార్టులు వేస్తాను. నూట నలభై మంది, మూడు షిఫ్టులు, ఆరేళ్ళ నుంచి. జ్వరం నుంచి లేచి వచ్చిన నర్సుని, ఎంత పేరున్న నర్సైనా సరే, మొదటి రోజే ఎమర్జెన్సీలో వెయ్యను. ఎవరు ఏ సోమవారం సెలవు పెడతారో, వరసగా రెండు రాత్రులు చేసినవాళ్ళు మూడో రోజు ఎక్కడ పొరపాటు చేస్తారో నాకు తెలుసు. జాబితా అంతా చూసి, ఒక్క ఆట కూడా మానకుండా ఆడుతున్న, ఎవరూ పట్టించుకోని మిడ్‌ఫీల్డర్ని కెప్టెన్‌గా పెట్టాను. ఆ సాయంత్రం స్ట్రైకర్ చివరి ఐదు నిమిషాలకి దిగి ఊరికే అటూ ఇటూ తిరిగాడు. నా మిడ్‌ఫీల్డర్ రెండు గోల్స్ కొట్టాడు.

ఆయన నా వైపు చూస్తాడేమో అనుకున్నాను. ఆయన ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు, "నాకు ముందే అనిపించిందిరా. ఆటని చదవగలగాలి."

ఆ తర్వాతి శనివారం నుంచి ఆ పని నాదైపోయింది, ఆయన జట్టు నా ఫోన్లోకి కూడా ఎక్కింది. చీపురు, ఇస్త్రీ, కరెంటు బిల్లు నావైపోయినట్టే, ఎప్పుడు ఎవరు అప్పగించారో తెలీకుండా. అయితే నిజం ఒప్పుకోవాలి, నాకది నచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరు ఎవరితో ఆడబోతున్నారు అని చదువుకునేదాన్ని. చేసిన పనికి వారం తిరిగేసరికి అంకె కనబడటం నాకు కొత్త. కడిగిన గిన్నెకి ఎవరూ పాయింట్లు వెయ్యరు. పేరు ఆయనదే అయినా ఆ అంకె నాదని లోపల్లోపల మురిసిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద కన్నా ఆ మురిపెం మీదే నాకు ఎక్కువ అసహ్యం వేస్తుంది.

తొమ్మిది నుంచి ఆరుకి, ఆరు నుంచి మూడుకి ఎక్కాం. "ఎక్కాం" అని ఆయనతో ఒకసారి అంటే, "మనం ఏంటి? నువ్వు టైపు చేస్తున్నావు, బుర్ర నాది" అన్నాడు. జట్టు కోసం నేను ఫోన్ పట్టుకుంటే అత్తయ్య "ఇంటి ఆడదానికి అంతసేపు ఫోనేమిటో" అని మెటికలు విరిచేది. అదే ఫోన్ ఆయన పట్టుకుంటే "పాపం, ఆఫీసులో అలిసిపోయి వస్తాడు, మగాడికి ఏదో ఒక సరదా ఉండొద్దూ" అనేది. ఫోను ఒకటే, జట్టు ఒకటే. పట్టుకున్న చెయ్యే తేడా.

ఆ శీతాకాలం నా కుడి భుజం బిగుసుకుపోయింది. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. ఆరు వారాలు డ్యూటీ దిగాక ఫిజియోథెరపీకి వెళ్ళి వచ్చాను. ఆ ఆరు వారాలూ మా ఆయన సోఫాలో కూర్చుని, వేల మైళ్ళ అవతల ఒక ఇరవయ్యేళ్ళ కుర్రాడి మోకాలు గురించి బెంగపడ్డాడు. ఏ లిగమెంటు తెగింది, ఎప్పుడు కుట్లు వేశారు, ఎన్నాళ్ళకి నడుస్తాడు, అన్నీ కంఠతా. ఒకరోజు నేను ఎడం చేత్తో కంచం పెడుతుంటే, "అదేం వడ్డించడం?" అన్నాడు. అంతే. ఎందుకలా అని అడగలేదు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు. దిగజారిన మనిషిని చూసినప్పుడు ముఖంలో ఒక కండరం కదులుతుంది చూశారా, అది కదిలింది. మళ్ళీ యథాస్థానానికి రాలేదు.

ఆసుపత్రిలో పెద్దసారుదీ ఇదే వరస. నేను చార్టు వేసి ఇస్తే కింద సంతకం పెడతాడు. పైనుంచి మెచ్చుకోలు వస్తే "మా టీమ్ కష్టపడిందండీ" అంటూ తన గుండెల మీద చెయ్యి పెట్టుకుంటాడు. చార్టు తప్పితే మాత్రం, "ఆవిడ వేసిందండీ" అంటాడు. ఏప్రిల్లో మా సంస్థ ఆసుపత్రులు మూడింటికీ కలిపి నర్సింగ్ డ్యూటీల అధికారి పోస్టు పడింది. ఇంట్లో చెప్పాను. మా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా, "నీకెందుకు ఆ తలనొప్పి? మనుషుల్ని నడిపించడమంటే మాటలా?" అన్నాడు. అప్పటికి ఆయన జట్టు మొదటి స్థానంలో ఉంది. స్నేహితులు ఆయన్ని కోచ్ అని పిలవడం మొదలుపెట్టారు. నేను కూడా, ఏం చెప్పను, దరఖాస్తుని సొరుగులో పడేసి ఊరుకున్నాను.

సీజన్ ఇంకో మూడు వారాల్లో ముగుస్తుందనగా ఒక ఆదివారం అందరూ మా ఇంటికి భోజనానికి వచ్చారు. తొమ్మిది మంది మగవాళ్ళు తిని, కంచాలు ఎక్కడివక్కడే వదిలి, కోచ్ చుట్టూ చేరారు. ఒకాయన అడిగాడు, "ఆ గోల్‌కీపర్ని సరిగ్గా ఆ వారమే ఎందుకు తీసేశావు? మాకెవరికీ తట్టలేదే!"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఏ గోల్‌కీపరో ఆయనకి తెలీదు. "అదీ... ఇన్‌స్టింక్ట్" అన్నాడు.

మరిది నన్ను చూసి కన్ను గీటాడు. "వదినా, నువ్వు చెప్పు, ఆఫ్‌సైడ్ అంటే ఏంటి?"

అందరూ ఘొల్లుమన్నారు. నా చేతిలో నీళ్ళ జగ్గుంది. ఆఫ్‌సైడ్ అనే ఆ నియమం గురించి, ఆ గోల్‌కీపర్ గురించి, అక్కడున్న ఒక్కొక్కడి జట్టులో ఎవడు ఎందుకు పనికిరాడో కూడా చెప్పగలను. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి, "జట్టంతా అమ్మే కదా పెట్టేది!" అంది.

మా ఆయన నవ్వాడు. అందరికన్నా గట్టిగా నవ్వాడు. "అమ్మ బటన్ నొక్కుతుందిరా, అంతే. మీ ఇంట్లో లైటు వెయ్యట్లేదూ, అలాగే."

అందరూ నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. నా ముఖంలోకి చూసింది, నేనేం చేస్తానో చూద్దామన్నట్టు. ఆ చూపు నాకు తగిలింది. పన్నెండేళ్ళ పిల్ల, ఇంట్లో ఆడవాళ్ళు ఎలాంటప్పుడు ఏం చెయ్యాలో అప్పుడే నేర్చుకుంటోంది. నేను జగ్గు బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్ళి, సొరుగు తెరిచి దరఖాస్తు తీశాను. ఎంగిలి కంచాలన్నీ అలాగే ఉండగా, వంటింటి గట్టు మీద పెట్టి నింపాను. చివరి తేదీ మర్నాడే.

ఇంటర్వ్యూ సీజన్ చివరి శనివారం పదకొండున్నరకి పడింది. పొద్దున్నే చెప్పాను, "ఈవారం జట్టు మీరే చూసుకోండి. నాకు ఆసుపత్రిలో పనుంది."

"పని చేసుకుంటూ అక్కడి నుంచే పెట్టెయ్. రెండు నిమిషాలు" అన్నాడాయన, పేపరు తిప్పుతూ.

"ఫోన్ ఆపేస్తాను" అన్నాను. ఆయన వినలేదు. వినబడలేదని కాదు, వినే అలవాటు లేదు.

బల్లకి అవతల ముగ్గురున్నారు. మధ్యలో కూర్చున్న డాక్టరమ్మ పాత చార్టులు తిరగేసి, "ఇవన్నీ మీ పెద్దసారు వేసినవని విన్నామే?" అంది. నేను సంచిలోంచి ఆరేళ్ళ చిత్తు కాగితాలు తీసి ఆవిడ ముందు పెట్టాను. నా దస్తూరీ, నా కొట్టివేతలు, ఏ నర్సుని ఎందుకు మార్చానో పక్కన రాసుకున్న ముక్కలు. ఆవిడ చాలాసేపు చదివింది. తర్వాత అడిగిన ప్రతి ప్రశ్నా నన్నే అడిగింది, నా కళ్ళలోకి చూసి. గడియారం పన్నెండు దాటడం నేను గమనించనే లేదు.

బయటికొచ్చి ఫోన్ తెరిస్తే పద్నాలుగు పిలుపులు. పదిహేనోది చెయ్యకుండా ఆయనే బటన్ నొక్కినట్టున్నాడు. మిడ్‌ఫీల్డర్ని బెంచీ మీద కూర్చోబెట్టి, తన స్ట్రైకర్ని తెచ్చి కెప్టెన్‌ని చేశాడు. ఆ సాయంత్రం స్ట్రైకర్ పదకొండో నిమిషంలో ఎవరినో తన్ని, ఎర్ర కార్డు అందుకుని బయటికి నడిచాడు. మైనస్ పాయింట్లు, అవీ రెట్టింపు. కోచ్ మూడో స్థానానికి జారాడు.

"ఏడాదంతా నేను పడ్డ కష్టం బూడిదలో పోశావు" అన్నాడు. "ఒక్కపూట ఫోన్ తియ్యలేకపోయావా?" అత్తయ్య, "స్నేహితుల్లో వాడి పరువు తీశావు కదే" అని అందుకుంది. నాకు కోపం రావాలి. రాలేదు. నలభై రెండేళ్ళ మనిషి ఫోన్ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, పదమూడేళ్ళు ఈయనకి భయపడ్డానా అనిపించింది. భయపడటానికి అక్కడ ఏముందో వెతికాను. సరిచేసిన గడ్డం ఒకటి కనబడింది.

గురువారం ఉత్తరం వచ్చింది. ఆ సాయంత్రం టీవీ కట్టేసి ఆయన, అత్తయ్య ఇద్దరి ముందూ నిలబడ్డాను.

"పోస్టు నాకే వచ్చింది. ఒకటో తారీఖు నుంచి పొద్దున ఏడుకల్లా వెళ్ళిపోతాను. వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది."

"నన్ను అడగకుండానే?" అన్నాడు.

"అడగలేదు. చెబుతున్నాను."

ఆయన అత్తయ్య వైపు చూశాడు. అత్తయ్య వంటింటి వైపు చూసింది. ఇద్దరూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టున్నారు. తర్వాత ఆయన ముఖంలో మెల్లగా భయం లాంటిది పాకింది. "మరి వంట, బట్టలు, పాప బడి, అమ్మ మందులు... ఇంత పని ఎవరు చేస్తారు?" అన్నాడు.

ఇంట్లో ఇంత పని ఉందని ఆయన నోట వినడం అదే మొదటిసారి.