నీళ్లు కట్టడం

ఇన్నేళ్లకు మా మేడ మీది కుండీలో నిమ్మచెట్టు తొలిసారి పిందె వేసింది. దానికి నీళ్లు పోసే బాధ్యత ఎవరిదీ కాదు. బట్టలు ఆరేయడానికి వెళ్లి నేనో చెంబు పోస్తే, చదువు ఎగ్గొట్టడానికి పైకెక్కిన మా అమ్మాయి తాగగా మిగిలిన సీసా ఒంపేది. మా అత్తయ్య మట్టిలో వేలు పెట్టి చూసి, తడుంటే ఊరుకునేవారు, లేకపోతే పోసేవారు. ఒకరితో ఒకరం చెప్పుకున్నది లేదు. చెట్టు మాత్రం కళకళలాడేది.

అదే మావారికి కంటగింపయింది. ఫ్యాక్టరీలో బాయిలర్లను అదుపులో పెట్టే ఇంజనీరాయన. ఆయన అజమాయిషీ లేకుండా ఇంట్లో ఒక చెట్టు బతికేయడమా! సెలవు రోజంతా పైపులు పరిచి, పచ్చదీపం వెలిగే డబ్బా ఒకటి గోడకు బిగించి, ఇకమీదట నీళ్లు తన ఫోను చెప్పినట్టు వస్తాయన్నారు. మేమెవరం చుక్క పోయకూడదట. లెక్క తప్పుతుందట.

తర్వాత ఆఫీసు పని మీద ఊరెళ్లారు. ఎండలు ముదిరాయి. అత్తయ్య సేద్యం చేసిన ఇంటి మనిషి. ఫోనులో కొడుకుని ఒక్కటే అడిగారు.

“ఏరా, చెట్టుకి నీళ్లు కట్టావా?”

“ఎప్పుడో కట్టేశానమ్మా. నువ్వు దాని జోలికెళ్లకు.”

కట్టాడట, అని ఆవిడ నిశ్చింతగా ఉన్నారు. ఆకులు ముడుచుకున్నాయి. ఆయనకు చెబితే, నీళ్లెక్కువైనా అలాగే ముడుచుకుంటాయని నాకు పాఠం చెప్పారు. పిందెలు రాలుతుంటే ఇక ఉండబట్టలేక నేనే మట్టిలో వేలు పెట్టాను. పెంకులా తగిలింది. మళ్లీ ఫోను చేశాను.

“నీళ్లు కట్టానన్నారు?”

“అవును, కట్టేశాను. వర్షం పడుతుందని ఫోను చూపిస్తే ఆపేశా.”

“అత్తయ్య అడిగింది చెట్టుకి పారించావా అని.”

“అయితే పారించావా అనే అడగాలి. కుళాయి కట్టెయ్యమంటే ఆపమనేగా?”

అత్తయ్య నా చేతిలో ఫోను లాక్కున్నారు. “నిన్ను అంత చదివించాను చూడు, నన్ననాలి.”

ఆ సాయంత్రమే పైపు నోట్లో గుడ్డ కుక్కి చెంబు అందుకున్నాను. అమ్మాయి చెప్పకుండానే సీసా తెచ్చింది. అత్తయ్య వేలు పెట్టారు. పచ్చదీపం జోలికి మాత్రం పోలేదు, ఇంట్లో శాంతికి అది అవసరం. ఆఖరికి ఒక్క పిందె నిలబడి కాయయింది.

నిన్న మావారు స్నేహితుణ్ణి మేడ మీదకు తీసుకెళ్లి ఆ కాయ చూపించారు. దీన్ని ఎవరూ చూసుకోనక్కర్లేదు, దానంతటదే నడిచిపోతుంది అన్నారు.

అబద్ధమని ఎలా అనను?