గోడ తినే పిల్ల

గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ ఆ వీధి వాళ్లకు బత్తాయి వాసన తప్ప వేరే వాసన తెలియదు. మార్కెట్ బాటసింగారం వెళ్లిపోయాక ఆ వాసనా పోయింది. అందుకే ఆ మధ్యాహ్నం గదిలో తడిమట్టి వాసన తగలగానే ఎలీశమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది. బయట వాన లేదు, ఎండ మండిపోతోంది. ఆ వాసన ఆమెకు బాగా తెలుసు. ముప్పై అయిదేళ్ల కిందట ఇదే గదిలో, కూతురు పుష్పలత నోటి నుంచి వచ్చేది.

మంచం జరిపి చూసింది. గోడకు జానెడు మేర సున్నం పెచ్చు లేచిపోయింది. పైనుంచి కిందికి గోళ్ల గీతలు. సున్నం పోయినచోట తడి.

కొడుకు తరఫు మనవడు సుమన్ భార్య జోస్నాకు ఆరో నెల. గుమ్మంలో కూర్చుని ఆయాసపడుతోంది.

"గోడెవరు గీకిండ్రు బిడ్డా?"

"ఎలుకలు కావచ్చు అవ్వా."

"మంచం జరిపి గీకుతయా ఎలుకలు?"

జోస్నా నవ్వబోయి నోరు మూసుకుంది. పళ్ల సందుల్లో తెల్లగా సున్నం.

పుష్పలత కూడా అంతే. పందొమ్మిదేళ్ల పిల్ల, కడుపుతో పుట్టింటికి వచ్చింది. అప్పుడింకా మేడ కట్టలేదు, ఇవి మట్టిగోడలు. నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక ఒలుచుకుని తినేది. గాలి సోకిందన్నారు. ఆ మాట మొదట అన్నది ఎలీశమ్మే. మూడు దినాలు ఉపవాసం పెట్టించింది, నులక తాడుతో పిల్ల చేతులు మంచానికి కట్టింది, తలకు నూనె రాసి ప్రార్థన చేయించింది. మూడో దినానికి పిల్ల మట్టి అడగడం మానేసింది. అందరూ స్తోత్రం అన్నారు. పదో దినం కడుపులో బిడ్డతో సహా పోయింది. దయ్యం వదులుతూ వదులుతూ ప్రాణం పట్టుకుపోయిందని నలుగురూ చెప్పారు. ఆ మాట పట్టుకునే ఎలీశమ్మ ఇన్నేళ్లు బతికింది. చర్చిలో ఎవరింటి పిల్లకు గాలి సోకినా ఇప్పటికీ ఆమెనే పిలుస్తారు.

"రేపటి సంది ఉపవాసం. మూడు దినాలు. నీతోని నేను గూడ ఉంటా," అంది.

"సరే అవ్వా," అంది జోస్నా. పుష్పలత కూడా ఇలాగే ఎదురు చెప్పకుండా తలూపింది.

మర్నాడు సుమన్ బాటసింగారంలో లారీ సరుకు దింపడానికి వెళ్లాడు. పన్నెండింటికి జోస్నా మెట్ల దగ్గర కూలబడింది. మేడమీద అద్దెకుండే విజయదుర్గ దిగివచ్చింది. తెనాలి మనిషి, దిల్‌సుఖ్‌నగర్‌లో రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌లో పని. పిల్ల కంటి కింది రెప్ప లాగి చూసింది.

"మామ్మగారూ, ఇటు చూడండి. ఒక్క చుక్క ఎరుపు లేదు."

"గాలి సోకిందమ్మా. ఉపవాసంల ఉన్నది."

"గాలేంటండీ. ఒంట్లో ఐరన్ అయిపోయింది. అన్నం, పప్పు తింటే సరిపోదు కదా మనిషికి. ఇనుము, సున్నం, ఉప్పు, ఇవన్నీ కావాలి. మట్టిలోంచి ఆకుకూరలోకి, కూరలోంచి మనలోకి రావాలి. అది తక్కువైతే కొంతమందికి నాలుక తిన్నగా మట్టి దగ్గరికే పోతుంది. బలపాలు తినేవాళ్లు, పచ్చిబియ్యం తినేవాళ్లు మా ల్యాబ్‌కి వస్తూనే ఉంటారు."

"మట్టి తింటే వస్తదా మరి, ఇనుము?"

"రాదండీ. ఉన్నది కూడా ఒంటికి పట్టదు. ఆటో పిలవనా?"

ఎలీశమ్మ తెరిచిన తలుపులోంచి లోపలికి చూసింది. గదిమూల పందొమ్మిదేళ్ల పుష్పలత కూర్చుని ఉంది. చేతులు ముందుకు చాపింది, మణికట్ల మీద నులక తాడు ఒరుసుకున్న గుర్తులు. జోస్నా వైపు చూడడం లేదు, తల్లినే చూస్తోంది. ఆటో ఎక్కితే ఇక దయ్యం లేనట్టే. దయ్యం లేకపోతే పుష్పలతను చంపింది ఎవరు?

"అవ్వా," అంది కింద నుంచి జోస్నా, కళ్లు మూసుకునే. "జర మట్టి పెట్టవా. ఇంత చాలు."

పుష్పలత గొంతే. ఆనాడు ఆమె అడిగిన మాటే, అక్షరం తేడా లేదు.

"పిలువమ్మా ఆటోను," అంది ఎలీశమ్మ.

ఎల్బీ నగర్ దవాఖానలో రక్తం ఎక్కించారు. ఇంకో రెండు దినాలు పస్తుంటే తల్లీబిడ్డా దక్కేవాళ్లు కాదని డాక్టరమ్మ అంటే, కబురంది వచ్చిన సుమన్ మంచంకోడు పట్టుకుని నిలబడిపోయాడు. ఎలీశమ్మ వరండాలోకి వచ్చి బెంచీ మీద కూర్చుంది. సాయంత్రం చర్చి పెద్ద స్తెఫను ఫోన్ చేశాడు.

"ఎట్ల నడుస్తున్నదక్కా ఉపవాసం?"

"నడుస్తలేదు తమ్మీ. గీ పిల్లకు గాలి సోకలె. మా పుష్పకు గూడ సోకలె."

"మరేమైంది?"

"ఒంటికి కావల్సింది దొరకలె. దేవులాడుకుంటుంటె నేనే చేతులు కట్టేసిన. ఇంక నా దగ్గరికి ఏ ఆడపిల్లనూ తోల్కరాకుండ్రి. దవాఖానకు తీస్కపోండ్రి."

అవతల స్తెఫను ఏదో అంటున్నాడు. ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. వరండా చివరి నుంచి పుష్పలత మెల్లగా నడిచి వస్తోంది. పొమ్మని ఎలీశమ్మ ప్రార్థన చేయలేదు. పక్కకు జరిగి బెంచీ మీద కూతురికి చోటిచ్చింది.