క్యాసెట్‌లో నా నవ్వు

నా నవ్వు గురించి ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. అది పెద్దది. ఆడదాని నవ్వు ఎంతుండాలో లోకం ఒక కొలత పెట్టుకుంటే, నాది దానికి నాలుగింతలు. మొదట కుక్కరులో ఆవిరి పట్టినట్టు సన్నగా మొదలవుతుంది, మధ్యలో ఊపిరి ఆగుతుంది, ఆ తరవాత ఒక్కసారిగా బద్దలవుతుంది. పక్కనున్నవాళ్ళు ఎందుకో తెలియకుండానే నవ్వేస్తారు. పెళ్ళయి శ్రీకాకుళం పక్కనుంచి భిలాయి వచ్చిన మొదటి వారంలోనే మా అత్త నూకాలమ్మ, "ఓలమ్మ, ఏటే ఆ నవ్వు! నలుగురూ ఏటనుకుంటారు? నోట్లో కొంగెట్టుకో" అంది. చాలాకాలం కొంగు పెట్టుకునే నవ్వాను. మా ఆయన బలరాం ఒక్కడే నన్ను ఏమీ అనలేదు. ఆయన స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసేవాడు. ఆ మోతకి చెవులు ముందే సగం పోయాయి.

నా నోట్లో కొంగు తీయించింది మెహరున్. ప్లాంటు పనివాళ్ళుండే క్యాంప్ 1 బస్తీలో మా ఇంటికీ వాళ్ళింటికీ ఒకటే గోడ. బీహారు మనిషి, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, మొగుడు ప్లాంటులోనే వెల్డరు. వాళ్ళు దిగిన రెండో రోజో మూడో రోజో నేను దేనికో నవ్వితే పెరటి గోడ మీంచి ఒక తల లేచింది. "ఎవరు నవ్వింది? ఇంకోసారి నవ్వు" అని హిందీలో అడిగింది. నన్ను నవ్వమని అడిగిన మొదటి మనిషి ఆవిడే. అప్పటినుంచి దీదీ అన్నాను. పొద్దున్నే సిగ్డీ, అదే బొగ్గుల కుంపటి, ఎవరింట్లో ముందు రాజుకుంటే వాళ్ళు రెండో ఇంటికి నాలుగు నిప్పులు ఇచ్చేవాళ్ళం. నిప్పులు ఇవ్వడానికి ఒక్క నిమిషం చాలు. మాకు మాత్రం అరగంట పట్టేది. ఆవిడ వాళ్ళ అత్త గురక గురించి చెప్పేది, నేను మా అత్త గురించి చెప్పేదాన్ని. అలా పదహారేళ్ళు గడిచాయి.

తొంభై మూడులో, చలి మొదలయ్యే రోజుల్లో, ఎలక్షన్లు వచ్చాయి. ఒక మధ్యాహ్నం మా సందులో కారు ఆగి దుర్గాదేవి గారు దిగారు. స్మృతి నగర్‌లో ఉండే ఇంజినీరు గణపతిరావు గారి భార్య. మన తెలుగువాళ్ళే. పార్టీ మహిళల విభాగం పని చూసుకునేవారు. వినాయక చవితి పందిట్లో నా నవ్వు విన్నారట.

"కన్నమ్మా, శుక్రవారం మన మీటింగుకి మీరు తప్పకుండా రావాలి. మీలాంటివాళ్ళు ముందు వరసలో కూర్చుంటే సభకి కళ వస్తుంది."

"నానేటి సేత్తానమ్మా అక్కడ?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. హాయిగా నవ్వండి."

శుక్రవారం క్యాంపు మైదానంలో మా సందు ఆడవాళ్ళంతా కింద జంబుకానా మీద కూర్చున్నారు. నాకు మాత్రం కుర్చీ వేశారు, మైకుకి నాలుగడుగుల దూరంలో. ఎర్ర గుడ్డ చుట్టిన కుర్చీ. ఇన్నేళ్ళూ నోరు ముయ్యమన్న నవ్వుకి కుర్చీ వేశారంటే నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఎందుకు దాచాలి, పొంగిపోయాను.

మాట్లాడడానికి ఎక్కడినుంచో పిలిపించిన మనిషిని అందరూ భయ్యాజీ అంటున్నారు. చెప్పడం వచ్చినవాడు. మొదట కరెంటు కోత మీద ఒక జోకు వేశాడు, ఆ తరవాత ఎదుటి పార్టీ అభ్యర్థి పొట్ట మీద. నేను నవ్వాను. నేను నవ్వగానే మైదానం నవ్వింది. భయ్యాజీ నా వైపు తిరిగి చేతులు జోడించాడు. అలా అందరినీ దారిలో పెట్టి, అప్పుడు 'వాళ్ళ' దగ్గరికి వచ్చాడు. పేరు చెప్పలేదు. లేని గడ్డాన్ని దువ్వుకున్నాడు, అంతే. రేషన్ కార్డు గుమాస్తా ఒకడు ఒకాయన గుమ్మంలో నిలబడి, మియా, నీకెంతమంది పిల్లలు అని అడిగాడట. ఆయన, "కాస్త ఆగి రాసుకో బాబూ, లోపల్నుంచి ఇంకా కబురు రాలేదు" అన్నాడట. లోపలికి తొంగిచూస్తున్నట్టు మెడ సాచి, చెవి ఒగ్గి, అభినయించి మరీ చెప్పాడు.

నాకు అర్థం కాలేదని ఇప్పుడు చెప్పను. బాగా అర్థమైంది. నవ్వొచ్చింది, నవ్వాను. ఊపిరి ఆగి, బద్దలై, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాను. మా అత్తకి పదకొండు కాన్పులు. నాకు ఐదు. మెహరున్‌కి ఆరుగురు. ఆ సంగతి అప్పుడు తలలోకే రాలేదు.

జనం నోళ్ళు ఇంకా తెరుచుకుని ఉండగానే భయ్యాజీ గొంతు మార్చాడు. ఇది నవ్వే సంగతి కాదన్నాడు. మీ సందులోనే, మీ గోడ పక్కనే పెరిగిపోతున్నారన్నాడు. గెలిచాక ఎవరు ఉండాలో ఎవరు పోవాలో మనమే తేల్చేద్దామన్నాడు. చంటిపిల్లకి చక్కిలిగింతలు పెట్టి, నోరు తెరవగానే ఆముదం పోసేస్తాం చూడండి, అదే పద్ధతి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టానో లేదో గుర్తు లేదు. కొట్టే ఉంటాను.

ఇంటికొచ్చి మా ఆయన చెవి దగ్గర అరిచాను. "ఏటండీ, నాను నవ్వితే మైదానం మైదానం నవ్వీసినాది!"

"పూరీలెట్టినారేటి?" అన్నాడాయన.

నాలుగో రోజు పొద్దున్న సందులోకి ఆటో వచ్చింది. నెత్తిన రెండు మైకులు. భయ్యాజీ ఉపన్యాసం క్యాసెట్ చేయించి ఊరంతా తిప్పుతున్నారు. ముందు కరెంటు జోకు వచ్చింది, ఆ వెనకే నా నవ్వు. మైకు అంత దగ్గరగా కూర్చోబెట్టింది ఎందుకో అప్పుడు తెలిసింది. టీ కొట్టు దగ్గర మగాళ్ళు, "అరే, కన్నమ్మ దీదీ!" అని కేకలు పెట్టారు. ఎదురింటి కామాక్షమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఓలె, రేడియోలోకి ఎక్కీసినావు" అంది. నేను సిగ్గు పడుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాను.

ఆటో ముందుకి సాగి వీధి కుళాయి దగ్గర ఆగింది. కుళాయి దగ్గర మెహరున్ నీళ్ళు పడుతోంది. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు ఉన్నారు. గుమాస్తా వచ్చాడు, గుమ్మంలో నిలబడ్డాడు, ఎంతమందని అడిగాడు. కబురు రాలేదన్న మాట పూర్తవుతూనే నా నవ్వు మొదలైంది. బయటినుంచి వింటే ఆ నవ్వు ఎంత పొడుగో నాకు మొదటిసారి తెలిసింది. ఎంతసేపటికీ అయిపోదే! కుళాయి దగ్గర ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. మెహరున్ నా గుమ్మం వైపు ఒకసారి చూసింది. నిండిన బకెట్టు ఎత్తుకుని, రెండోది సగంలోనే వదిలేసి, ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన అడిగాడు. "అందరూ నీ మాటే అంటన్నారు. ఏటుందే ఆ మైకులో? నాకూ సెప్పు, నవ్వుకుంతాను."

"రేషను గుమాస్తా ఒకడు ఎల్లినాడట..." అని అరుస్తూ మొదలుపెట్టి ఆగిపోయాను. ఆయనకి చెప్పాలంటే అరవాలి. అరిస్తే గోడ అవతలికి వినబడుతుంది.

"ఊఁ, ఎల్లి?"

"ఏటీ నేదు."

"అదేటే? నవ్వొచ్చే మాటైతే అరవడానికి బయ్యమేటి?" అన్నాడు. పాపం, ఆయన మామూలుగానే అడిగాడు.

మర్నాడు పొద్దున్న మెహరున్ సిగ్డీ తనే రాజేసుకుంది. ఆ మర్నాడూ అంతే. తడి పిడకలేమో, పొగ గోడ దాటి మా ఇంట్లోకి వస్తోంది, మనిషి మాత్రం దగ్గుతూ తిప్పలు పడుతోంది. నా సిగ్డీ నిండా ఎర్రటి నిప్పులున్నాయి. పట్టుకారు చేత్తో పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డానే గానీ పిలవలేకపోయాను. నాకు ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. ఒక్క నవ్వుకి ఇంతేమిటి, నేనేమైనా వాళ్ళ కొంప కూల్చానా అనుకున్నాను. తప్పు మనదైనప్పుడు వచ్చే కోపం మహా గట్టిది.

మూడో రోజు వెళ్ళాను. బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నన్ను చూసి చేట పక్కకి జరపలేదు. ఆ మూడు రోజులూ కూడబలుక్కున్న మాట పైకి తీశాను.

"దీదీ, నాకు హిందీ సరిగ్గా రాదు కదా. ఆయనేమన్నాడో తెలియలేదు. అందరూ నవ్వుతుంటే నేనూ నవ్వేశాను."

మెహరున్ చేతిలో ఉన్న రాయి బయటికి విసిరింది. "సోలా బరస్ సే హమ్ దోనో కౌన్ జబాన్ మే బతియాతే హై, కన్నమ్మా?" అంది.

పదహారేళ్ళుగా మనం మాట్లాడుకుంటున్నది ఏ భాష అని. ఆ అబద్ధం కూడా నేను హిందీలోనే ఆడాను మరి. ఏ తప్పూ లేకుండా, గడగడా ఆడాను. లేచి వచ్చేశాను.

తిన్నగా దుర్గాదేవి గారింటికి వెళ్ళాను. క్యాసెట్‌లో నా నవ్వు తీసెయ్యమన్నాను. ఆవిడ కాఫీ ఇచ్చి నవ్వారు.

"అయ్యో, క్యాసెట్‌కి ప్రాణమే మీ నవ్వు. వందల కాపీలు వెళ్ళిపోయాయి కన్నమ్మా, పక్కన దుర్గ్ ఊరి దాకా వేస్తున్నారు. అయినా జోకులే కదా, ఎందుకంత మనసుకి పట్టించుకుంటారు?"

"మా పక్కింటావిడ అలిగినాదమ్మా."

"ఆవిణ్ణి అన్నది కాదు కదా. మీ పక్కింటావిడ మంచిదే అయ్యుంటుంది. ఆదివారం రుఆబాంధాలో పెద్ద మీటింగు. నా పక్కనే మీ కుర్చీ."

సరే, ఆ కుర్చీలోనే చూపిస్తాననుకున్నాను. మైదానం నవ్వడానికి నేనే కదా తాళంచెవిని. నేను నోరు మూసుకుంటే భయ్యాజీ జోకులు చప్పగా పడిపోతాయి, ఆయన నీళ్ళు నములుతాడు, ఆ సంగతి ఊరంతా పాకుతుంది, మెహరున్ దాకా వెళుతుంది. దారి పొడుగునా ఇదే ఊహించుకుని లోలోపల మురిసిపోయాను. ఆదివారం మా సందు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళి ఎర్ర కుర్చీలో కూర్చుని పళ్ళు బిగించాను. భయ్యాజీ కొత్త జోకు తెచ్చాడు. ఈసారి ఒకడికి నాలుగు పెళ్ళిళ్ళు, ఒకటే మంచం. చివరి మాట చెప్పి నా వైపు చూశాడు. నేను ఆయన చెప్పుల వైపు చూశాను.

మైదానం గొల్లుమంది.

నా అవసరమే లేదు. క్యాంపులో మీటింగు రోజున జనం ముందు నన్ను చూసి, ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, అప్పుడు నవ్వారు. ఇప్పుడు ఎవరూ ఎవరినీ చూసుకోవడం లేదు. నా వెనక జంబుకానా మీద కామాక్షమ్మ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నేను వెంటబెట్టుకొచ్చిన ఆడవాళ్ళే అందరూ. దుర్గాదేవి గారు నా మోచేతి మీద తట్టి, "ఒంట్లో బాగాలేదా?" అని ప్రేమగా అడిగారు. ఒంట్లో బాగానే ఉంది.

ఆయన గొంతు మార్చేలోపే లేచి వచ్చేశాను. తిన్నగా మెహరున్ గుమ్మానికే వచ్చాను. మధ్యాహ్నపు ఎండలో మెట్టు మీద కూర్చుని కూతురి తల దువ్వుతోంది.

"దీదీ, నాకు అర్థమైంది. మొత్తం అర్థమైంది. నవ్వొచ్చింది, నవ్వాను" అన్నాను.

"తెలుసు" అంది తల ఎత్తకుండా. "నీ దొంగ నవ్వేదో నిజం నవ్వేదో నాకు తెలియదా? మీ ఆడపడుచు వంట తిని నవ్వేది దొంగ నవ్వు. మైకులోది దొంగ నవ్వైతే బాగుండునని నాలుగైదుసార్లు జాగ్రత్తగా విన్నాను. నిజం నవ్వే."

నాకు ఏడుపొచ్చింది. క్షమించు అనే మాట హిందీలోనూ రాలేదు, తెలుగులోనూ రాలేదు. తరవాత మెహరున్ మెట్టు మీద కొంచెం పక్కకి జరిగింది. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. అంతమాత్రానికే నా ప్రాణం లేచి వచ్చింది. రేపు నిప్పులు ఇస్తానని చెబుదామని నోరు తెరిచాను.

సందు మలుపులో ఆటో వినబడింది.

పోలింగు ఇంకా ఆరు రోజులుంది. అది రోజుకి నాలుగుసార్లు తిరుగుతోంది. ఇద్దరం కదల్లేదు. గుమాస్తా వచ్చాడు, గుమ్మంలో నిలబడ్డాడు. మైకులో నా ఊపిరి ఆగింది, ఆ తరవాత నవ్వు బద్దలైంది. వెనకాల గడపలో మెహరున్ ఆఖరి పిల్ల గుడియా రొట్టె ముక్క నములుతూ కూర్చుని ఉంది. మూడేళ్ళది. ఆ నవ్వు వినగానే రొట్టె వదిలేసి, చప్పట్లు కొడుతూ, తనూ పకపకా నవ్వడం మొదలుపెట్టింది. "కన్నమ్మ మౌసీ! కన్నమ్మ మౌసీ!" అని మైకు వైపు వేలు చూపించింది.

మెహరున్ చేయి సాచి దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. తిట్టలేదు. అరచెయ్యి దాని నోటి మీద పెట్టి, మెల్లగా, గట్టిగా మూసింది. తప్పేం చేసిందో గుడియాకి తెలియలేదు. తల్లి వేళ్ళ పైనుంచి కళ్ళు పెద్దవి చేసుకుని, నేనూ నవ్వుతున్నానేమోనని నా మొహం వైపు చూసింది. మైకులో నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను.