నలభై కిలోల ఇటుకలు

"మా ఇంటామె ఖాళీగనే ఉంటది, కండెలు చుట్టుకుంట" అని కనుకయ్య, నూలు అమ్మించే సూతు దలాలుతో అంటున్నప్పుడు రాజమణి కండెలే చుడుతోంది. మొగుడి కార్ఖానాలోని ఆరు సాంచాలకు, ఆ మరమగ్గాలకు, సరిపడా కండెలు. సాంచాలకు ఆకలెక్కువ. గంటకోసారి కార్ఖానా నుంచి ఎవరో వచ్చి గంప ఎత్తుకుపోతారు, ఆలోపు ఇంకో గంప నిండి ఉండాలి. పదహారేళ్లుగా నింపుతోంది. సాంచె నడిపేవాడికి కూలి ఉంది, బట్ట మడత పెట్టేవాడికి కూలి ఉంది, ఆఖరికి కార్ఖానా ఊడ్చేవాడికీ ఉంది. కండెలు చుట్టే పెళ్లానికి మాత్రం తిండి ఉంది. అదీ ఆమే వండుకోవాలి.

తనదని చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది చిక్కుల దారం ఒక్కటే. కండెల మీద మిగిలిపోయిన పోగులు పోగేసి, చిక్కు విప్పి, కిలోల లెక్కన అమ్ముకుంటే వచ్చే పైసలు ఆ వాడలో ఆడవాళ్లవి. మగవాళ్లు వాటి జోలికి రారు. అది పెద్దమనసేం కాదు, కూచుని చిక్కు విప్పే ఓపిక లేక.

రెండేళ్ల కింద యమునాబాయి తన పిల్లను తెచ్చి ఈ ఇంటి గడపలో నిలబెట్టింది. కనుకయ్య కార్ఖానాలోనే పని ఆమెకు. పిల్ల నడుముకు చీరపేలిక కట్టి, ఆ కొసను సాంచె కాలికి ముడేసి పని చేసుకునేది. లేకపోతే తిరిగే బెల్టులో చెయ్యి పెడుతుందని భయం. పిల్ల నడుము చుట్టూ ఒరుసుకుపోయి కాయ కాసింది. "వదినా, జెర సూస్తవా" అంది. రాజమణి చూసింది. తర్వాత ఇంకొకరు తెచ్చారు, ఇంకొకరు. ఇప్పుడు ముందుగదిలో పన్నెండు మంది. అదే గదిలో కండెల మిషన్. మొన్న ఒక పిల్లగాడి వేలు తిరిగే కదురు దాకా పోయింది. "ఇంకోపారి గిట్లయితే ఈ సంతను ఎత్తేస్త" అన్నాడు కనుకయ్య. ఆ మాట తప్పనలేదు రాజమణి. పిల్లల చేతులకు పని దొరికితేనే అవి మిషన్ వైపు రావని ఆమెకు తెలుసు.

ధామన్కర్ నాకా కూడలి దగ్గర దుకాణంలో ఒకదానిలో ఒకటి గుచ్చి కట్టే రంగురంగుల ప్లాస్టిక్ ఇటుకలు చూసింది. ఒక్క పిల్లకు కూడా చాలని డబ్బా ధర విని చేతిలోది కింద పెట్టేసింది. పదో తరగతి చదివే కూతురు శ్రద్ధను వెంటబెట్టుకుని సైబర్ కేఫ్‌కు పోయింది. గంటకు పదిహేను రూపాయలు.

"మమ్మీ, కొత్తయి బహుత్ మెహెంగా ఉన్నయ్."

"కొత్తయి ఎవలడిగిండ్రే? కోన్ల సూతుకు ఒక ధర, చిక్కుల సూతుకు ఇంకో ధర. గట్ల పాతయి, అన్నీ కలిసినయి, కిలోల లెక్కన అమ్మెటోడు ఎవడో ఉంటడు. గది సూడు."

ఉన్నాడు. పుణెలో ఎవరో చిన్నపిల్లల బడి మూసేశారట. నలభై కిలోలు, రంగూ సైజూ కలగాపులగం, కడుక్కోవడం ఏరుకోవడం కొన్నవాళ్ల బాధ్యత అని రాశారు. రెండు వారాలుగా ఎవరూ ముట్టుకోలేదు. రాజమణికి నవ్వొచ్చింది. కడగాలి, ఏరాలి అంటేనే సరుకు ధర పడిపోతుంది. ఆ పని ఎవరో ఒక ఆడది ఊరికే చేస్తుందని బజారుకు ముందే తెలుసు.

"అడుగు బిడ్డా. ఎండు వజనా, తడి వజనా?"

"మమ్మీ! ప్లాస్టిక్ హై వో!"

"సూతు మీద నీళ్లు చల్లి తూకం పెంచెటోళ్లను సూడలేదా నువ్వు? సిగ్గెందుకు, అడుగు."

శ్రద్ధ తల పట్టుకుని టైపు చేసింది. అమ్మేవాడు రెండు రోజులు ఆలోచించినట్టున్నాడు. 'ఎండువే' అని జవాబిచ్చి, ఏం భయపడ్డాడో ఏమో, తూకం మీద ఇంకో చిన్న సంచి కూడా వేశాడు. చిక్కుల దారం డబ్బు బ్యాంకులో అతని ఖాతాకు కట్టారు. ఇచల్‌కరంజిలో సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చే టెంపోవాడు పుణెలో ఆగి సంచులు ఎక్కించుకొచ్చాడు. కిరాయి బదులు అతని బిడ్డ కూడా ముందుగదిలో చేరింది. పదమూడు.

మూడు రోజులు కడిగింది. అత్త సమ్మవ్వ మొదట "నా కోడలు ప్లాస్టిక్ పప్పు కడుగుతున్నది, సూడుండ్రి" అని పక్కింటికి వినిపించింది. తర్వాత తనే పీట లాక్కుని కూచుని, పగిలి అంచులు కోసుకునేవి ఏరి పారేసింది. పిల్లలు ముట్టుకున్నారు. ఇల్లు కట్టమంటే సాంచె కట్టారు. వారం రోజులు ఒక్కడు కూడా మిషన్ వైపు రాలేదు.

అప్పుడొచ్చాడు వాడలోని తెలుగు నేతవాళ్ల సమాజం అధ్యక్షుడు గాలయ్య, చందా పుస్తకం పట్టుకుని.

"అరె కనుకయ్యా, ఇదంత ఏందే? ఇంత సామానా! మన సమాజం హాల్ల పెడితే ఎంత సోకుంటది!"

"తీస్కపో అన్నా! నాదేమున్నది ఇండ్ల!"

నిజమే. అతనిది ఏమీ లేదు అందులో.

"అన్నా, అవి పిల్లలయి" అంది రాజమణి, చేతిలో చాయ్ పళ్లెంతో.

"నువ్వు చాయ్ ఇయ్యి ముందు" అన్నాడు కనుకయ్య.

ఆదివారం హాల్లో సభ. కనుకయ్యకు శాలువా, కొబ్బరికాయ. నూట ఇరవై మందికి ఉప్మా రాజమణి చేసింది, ఎందుకంటే దాత భార్య గదా. ఇటుకలు అద్దాల బీరువాలోకి ఎక్కాయి, పైన దాత పేరు. "ఆడితే ఖరాబైతయి" అని గాలయ్య తాళం వేశాడు. ఇంటికొచ్చాక కనుకయ్య శాలువా మడతపెడుతూ, "ఏందే మూతి ముడిసినవు? నాకు పేరొస్తే నీకొచ్చినట్టు గాదా?" అన్నాడు. దుర్మార్గుడు కాడు. అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు. అదే ఆమెను ఎక్కువ కాల్చింది.

సోమవారం పొద్దున యమునాబాయి పిల్లను దించి గది చూసింది. కదురు తిరుగుతోంది, నేల బోడిగా ఉంది. "వదినా, రేపటి సంది మళ్ల కట్టేసుకోవాల్నా?" అని మెల్లగా అడిగింది. కొట్లాటగా అడిగినా బాగుండేది.

రాజమణి మిషన్ స్విచ్ ఆపింది. పదమూడు మందినీ చేతులు పట్టించి, వరాలా తలావ్ రోడ్డు మీదుగా హాలుకు నడిపించింది.

"తాళం తియ్యి గాలయ్యన్నా."

"కనుకయ్యతోని చిట్టీ రాయించుకరా చెల్లె. దాత ఆయన."

"చిట్టీ రాదు. ఇటుకలు ఏడుంటే పిల్లలు ఆడుంటరు. పిల్లలు ఏడుంటే నేనాడుంట."

బీరువా ముందు నేల మీద కూచుంది. పిల్లలు హాలంతా పరుచుకున్నారు. ఒకడు స్టేజీ మీద కార్పెట్ తడిపాడు. ఒకతె మైకు వైరు నోట్లో పెట్టుకుంది. గాలయ్య ఎవరి వెనక ఉరకాలో తెలియక గంటసేపు ఓర్చి, ఆఖరికి తాళంచెవి తీశాడు. ఇటుకలు నేల మీదికి కుమ్మరించిన చప్పుడుకు హాలు దద్దరిల్లింది.

పదకొండు దాటాక కనుకయ్య ఆటో దిగి ఉరుకుతూ వచ్చాడు. వెంట్రుకల నిండా దూది.

"నాలుగు సాంచాలు ఆగినయే! గంపల ఒక్క కండె లేదు. తీస్కరా, నీ ఇటుకలు నీ ఇంటికే తీస్కరా, నేనద్దన్ననా? దా!"

'నీ ఇటుకలు' అన్నాడు. పదహారేళ్లలో ఆ మాట మొదటిసారి. లేవాలనిపించింది కూడా. గది కళ్ల ముందు మెదిలింది, కదురు, పిల్లలు, గంప. ఆమె లేవలేదు.

"ఇంటికి కాదు. ఈడ జాగున్నది, మిషన్ లేదు. పిల్లలు ఇగ ఈడనే."

"మరి కండెలో?"

రాజమణి ఒక పిల్ల ముక్కు తుడిచి, కొంగు దులిపి, మెల్లగానే చెప్పింది.

"మనిషిని పెట్టుకో. కూలిస్తే దొరుకుతరు."