చప్పుడు లేని వాన

అరచేతిలో వాన పడుతోంది.

నీలంగా. సన్నగా. చప్పుడు లేకుండా — ఆ డబ్బాకి స్పీకరు పోయింది మరి.

ముందే ఒప్పేసుకుంటున్నా... ఇది ఆట గురించిన కథే గానీ, ఇందులో గెలిచేవాళ్ళెవరూ లేరు.

చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ డబ్బా అది. అందులో ఒక చెరువు, ఒక పడవ, పడవలో టోపీ పెట్టుకున్న మనిషి. గాలం వేస్తాడు. వానొస్తే తడుస్తూ కూర్చుంటాడు. చేప కొరికితే డబ్బా మొత్తం వణుకుతుంది. ఆ వణుకు తగిలిన క్షణాన ఎర్ర బటన్ నొక్కాలి. ముందు నొక్కినా పోతుంది, ఆలస్యమైనా పోతుంది.

అంతే. అంత చిన్న ఆట.

ఆ ఇంట్లో ఇద్దరికీ అదే పెద్ద సుఖం.

ఇద్దరంటే పెద్దది, చిన్నది. అక్కాచెల్లెళ్ళు. ఒకటే గది, ఒకటే మంచం, ఒకటే డబ్బా. చిన్నది పార్లర్లో జుట్టు కత్తిరించడం నేర్చుకుంటోంది. జీతం ఇంకా లేదు, ప్రయోగాలకి మాత్రం అక్క తల ఉంది. పెద్దది ఆ డబ్బాలు తయారయ్యే కంపెనీలో, టెస్టింగ్ బెంచి మీద.

పైకి. కిందికి. ఎడమ. కుడి. ఎరుపు. పసుపు. వణుకు.

బెల్టు మీద పీసు వస్తుంది. అన్ని బటన్లూ నొక్కాలి. చివర్లో బొటనవేలు ఆనించి, లోపలి మోటారు వణుకుతోందో లేదో చూడాలి. వణికితే పచ్చ స్టిక్కరు. లేకపోతే ఎర్ర స్టిక్కరు. మళ్ళీ పీసు.

పైకి. కిందికి. ఎడమ. కుడి...

స్పీకరు పలకని పీసొకటి పక్కన పడేస్తుంటే అడిగి తెచ్చుకుంది పెద్దది. రోజంతా ఆడుకుంటే జీతమిస్తారా మీకు, అని చిన్నది ఏడిపించేది. తిని పడుకుంటే జీతమిచ్చేది కూడా ఒకటి చూస్తాలే నీకు, అనేది పెద్దది.

మొదట్లో ఇంకో తమాషా. ఎంత వద్దనుకున్నా వేలు బెంచి మీది వరసే నొక్కేసేది. పైకి, కిందికి, ఎడమ, కుడి... పడవ చెరువంతా పిచ్చిపట్టినట్టు తిరిగేది. అదిగో మీ ఆఫీసు పడవ, అనేది చిన్నది. ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్ళు.

తర్వాత వేలు దారికొచ్చింది. చేపలు పడ్డాయి. వానలో మాత్రమే పైకొచ్చే వెండి చేప ఒకటుంది — అదొక్కటే ఇద్దరికీ చిక్కలేదు.

ఆ తర్వాత చేపలు పోవడం మొదలైంది. పెద్దదానికి మాత్రమే.

వణుకు తగిలేది. నొక్కేది. పోయేది.

మళ్ళీ తగిలేది. నొక్కేది. పోయేది.

అది ఇంకా గాలం దగ్గరికే రాలేదు కదక్కా, ఎందుకంత తొందర, అనేది చిన్నది.

తప్పు డబ్బాదే అనుకుంది పెద్దది. ఇంకెలా అనుకుంటుంది? పొద్దస్తమానం డబ్బాల్లో తప్పు వెతకడమే ఆమె పని. మోటారు ఊరికే తిరుగుతోందని తేల్చేసి, ఒక సెలవురోజు పొద్దున కిటికీ వెలుతురులో కూర్చుని మరలు విప్పింది. శనగగింజంత మోటారు. వైరు ఊడదీసి దాన్ని దుప్పటి మీద పెట్టింది. డబ్బా మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

వణుకుతోంది.

సన్నగా. ఆగకుండా.

మోటారేమో దుప్పటి మీద ఉంది... కదలకుండా.

చిన్నదాని చేతిలో పెట్టి చూడమంది. చిన్నది పట్టుకుంది, చెవి దగ్గర పెట్టుకుంది, ఊపింది.

"ఏం లేదుగా అక్కా. చచ్చిన బల్లిలా ఉంది."

పెద్దది తన ఉత్త చేతిని చూసుకుంది. బొటనవేలి లోపల ఎవరో గాలం లాగుతున్నారు. లాగుతూనే ఉన్నారు.

అంటే, బెంచి మీద...

పచ్చ. పచ్చ. పచ్చ. ఎప్పట్నుంచో అన్నీ పచ్చే.

దుమ్ము చేరిందిలే, అని చెప్పింది చెల్లెలితో. వైరు కలిపింది. మరలు బిగించింది.

మర్నాడు పీసుల్ని చెంపకి ఆనించి చూడటం మొదలెట్టింది. చెంప అబద్ధం చెప్పలేదు. కానీ బెల్టు చెంపల కోసం ఆగదు. పీసులు కుప్పపడ్డాయి. పక్క సీట్లో అమ్మాయి చూసింది, చూడనట్టు తల తిప్పుకుంది.

సూపర్‌వైజరు టీ బాగున్నా, ఎండ తగ్గినా, మనవడు నడిచినా 'గుడ్ పీస్' అంటాడు. వెనకాల ఆయన పేరూ అదే. ఆ వారమే గుడ్‌పీసు ఒక ట్రే తెచ్చి ఆమె ముందు పెట్టాడు. కొన్నవాళ్ళు తిప్పి పంపినవి. అన్నిటి మీదా ఆమె బెంచి పచ్చ స్టిక్కరు. ఒక్కటీ వణకదు.

అరవలేదాయన. అరిస్తే బాగుండేది.

"ఏ వేలమ్మా?"

చూపించింది.

ఆ బెంచి మీద ఒక పద్ధతి ఉంది. ఇలా వణుకు పట్టి చెయ్యి పోయినవాళ్ళ సీటు ఆ ఇంట్లోవాళ్ళకే ఇస్తారు. పక్క సీట్లో అమ్మాయి అంతకుముందు కూర్చున్నామె కోడలు. ఆ అవతలి సీటు తల్లిది, ఇప్పుడు కూతురిది. కంపెనీ దయ అనుకుంటారందరూ. పెద్దది కూడా అలాగే అనుకుంది... నిన్నటిదాకా.

"నీకు చెల్లెలుంది కదూ. వేళ్ళు బాగా ఆడతాయా?"

ఆడతాయి. కత్తెర పట్టుకుంటే చూడాలి. నిద్రపోతున్న పసిపిల్ల నుదుటి మీద జుట్టు కూడా లేపకుండా కత్తిరించగలదు.

అదంతా పైకి అనలేదు. కనుక్కుని చెప్తానండి, అంది. రేపు చెప్పెయ్యి, లేకపోతే సీటు బయటివాళ్ళకి పోతుంది, అన్నాడు గుడ్‌పీసు. మెత్తగానే అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చిన్నది మంచం మీద బోర్లా పడుకుని ఆడుతోంది. ముఖం నిండా నీలం వెలుతురు.

"నన్నూ మీ కంపెనీలో చేర్పించరాదూ. ఈ పార్లర్‌వాళ్ళు నాతో ఇంకా కిందపడ్డ జుట్టు ఊడ్పిస్తూనే ఉన్నారు," అంది తల తిప్పకుండా.

పెద్దది చెల్లెలి బొటనవేలినే చూస్తోంది. గోరు పక్కన చిన్న కత్తెర గాటు. ప్రతి అదురూ తెలిసే లేత చర్మం. చేప వచ్చేదాకా ఆగగలిగే వేలు.

ఇంటికొచ్చే జీతం ఒక్కటే. అది ఆ ఇద్దరికీ తెలుసు. తక్కినది ఒక్కరికే తెలుసు.

చెప్పాలా... మింగెయ్యాలా...

మీరైతే ఏమనేవారు? మీ ఇంట్లో కూడా ఇలా చేతులు మారిన కుర్చీ ఏదైనా ఉంటే, నాకు చెప్పండి.

"అక్కా, వానొచ్చింది. వెండిది, వెండిది... ఇదిగో, నువ్వే పట్టు."

చిన్నది డబ్బా ఆమె చేతిలో పెట్టేసింది.

వణుకుతోంది.

చేపో. వేలో.

చిన్నది ఊపిరి బిగబట్టి అక్క ముఖంలోకి చూస్తోంది. పెద్దదాని బొటనవేలు ఎర్ర బటన్ మీద ఉంది — ఇంకా నొక్కలేదు...

అరచేతిలో వాన పడుతోంది.

నీలంగా. సన్నగా. చప్పుడు లేకుండా.